గాలిమర ఎక్కడ నిలబెట్టాలో ఎవరు చెప్పాలి?

గాలిమరల మీద ఎక్కడ చర్చ మొదలైనా పది నిమిషాల్లో రెండు జట్లు తయారైపోతాయి. ఒక జట్టేమో పక్షులు చచ్చిపోతున్నాయి, చప్పుడుకి జనాలకి జబ్బులొస్తున్నాయి, మబ్బులు చెదిరిపోయి వానలు పడట్లేదు అంటుంది. ఇంకో జట్టు వెంటనే లేచి బొగ్గు పొగ కంటే నయం కదా, పిల్లులు ఇంతకంటే ఎన్నో రెట్లు పక్షుల్ని చంపుతున్నాయి కదా, అసలు నీకు కరెంటు కావాలా వద్దా అని ఎదురు తిరుగుతుంది. ఈ రెండు జట్ల మాటలూ చదివీ చదివీ నాకు విసుగొచ్చేసింది, ఎందుకంటే నిజంగా నష్టపోయిన మనుషులు గానీ నిజంగా నష్టపోయిన జీవాలు గానీ ఈ వాదనల్లో దాదాపుగా కనపడరు. నేను చాలాకాలంగా ఈ విషయం చదువుతూ, దొరికిన ప్రతి రిపోర్టూ తిరగేస్తూ ఉన్నా, నాకు అర్థమైంది ఏంటంటే గాలిమర వల్ల వచ్చే నష్టంలో ఎక్కువ భాగం దాన్ని తీసుకెళ్ళి ఎక్కడ పెట్టారు, పెట్టే ముందు ఎవర్ని అడిగారు అన్న దగ్గరే పుడుతోంది. "ఇది గ్రీన్ ఎనర్జీ, దీనికి మళ్ళీ అడగడం ఎందుకు" అనే అలవాటు ఒకటి ప్రభుత్వాలకీ కంపెనీలకీ పట్టుకుంది, నా గొడవంతా ఆ అలవాటుతోనే.

నేను ఎటువైపో ముందే చెప్పేస్తా. నాకు గాలి కరెంటు కావాలి, చాలా కావాలి. 2014లో ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ వేసిన లెక్క చూడండి, గని తవ్వకం నుంచి ప్లాంటు కూల్చేసేదాకా అన్నీ కలుపుకుని ఒక్క యూనిట్ కరెంటుకి బొగ్గు నుంచి సుమారు 820 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ లెక్కకొస్తే, గ్యాస్‌కి 490, నేల మీద పెట్టిన గాలిమరకి 11, సముద్రంలో పెట్టినదానికి 12. మరను తయారు చెయ్యడానికి, మోసుకురావడానికి, నిలబెట్టడానికి అయిన ఎనర్జీ మొత్తాన్ని అది ఇంచుమించు ఏడాది తిరిగేలోపు తిరిగిచ్చేస్తుంది, ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి పైగా తిరుగుతూనే ఉంటుంది. నీళ్ళు తాగదు, బూడిద పొయ్యదు, కింద పంట వేసుకోవచ్చు, పశువులు మేపుకోవచ్చు. ఇంత మంచి లెక్క ఉన్న వస్తువు ఇంకోటి దొరకడం కష్టం. నా బాధ ఏంటంటే ఈ లెక్క చూపించి మిగతా ప్రశ్నలన్నిటికీ నోరు మూయించేస్తున్నారు.

సరే, లేని నష్టాల సంగతి ముందు తేల్చేద్దాం, వాటి దగ్గర ఎక్కువసేపు ఆగను. వాన మబ్బులు సాధారణంగా కిలోమీటరు, రెండు కిలోమీటర్లు, అంతకంటే ఎత్తున ఉంటాయి, మర రెక్క చివర ఎంత పైకి లేచినా రెండొందల మీటర్ల చిల్లర, అది మబ్బుల్ని తరిమేస్తుందనడానికి ఆధారం లేదు. మర వెనకాల గాలి కలగాపులగమై రాత్రిపూట నేల దగ్గర వేడి కొంచెం మారుతుంది, అది నిజం, టెక్సాస్‌లో శాటిలైట్ డేటాతో 2012లో చూపించారు కూడా, కానీ అది నేల మీద వేడి అటూ ఇటూ కలవడమే తప్ప వానలకి దానితో సంబంధం లేదు. అలాగే మన చెవికి వినపడని ఇన్‌ఫ్రాసౌండ్ వల్ల రోగాలొస్తాయి అనేది. న్యూజిలాండ్‌లో ఒక ప్రయోగం చేశారు, కొంతమందికి ముందే ఇన్‌ఫ్రాసౌండ్ ఎంత ప్రమాదమో భయపెట్టే వీడియోలు చూపించి, తర్వాత కొన్నిసార్లు నిజం ఇన్‌ఫ్రాసౌండ్, కొన్నిసార్లు ఏ శబ్దమూ లేకుండా ఉత్తినే కూర్చోబెట్టారు. భయపెట్టే వీడియో చూసినవాళ్ళకి రెండు సందర్భాల్లోనూ తలనొప్పి, వికారం లాంటివి పెరిగాయి. అంటే శబ్దం ఉందా లేదా అన్నదానితో పని లేకుండా ముందే మనసులో పడ్డ భయమే ఆ పని చేసింది.

కానీ ఇక్కడే రెండో జట్టు వాళ్ళు చప్పట్లు కొట్టేసి వెళ్ళిపోతారు, నాకు అది నచ్చదు. చప్పుడు లేదని కాదు కదా దాని అర్థం. పెద్ద టర్బైన్ దగ్గరికి వెళ్ళి నిలబడితే ముందు వినపడేది మెషిన్ హోరు కాదు, రెక్క కిందకి దిగే ప్రతిసారీ గాలిని కోస్తున్నట్టు ఒక ఊపు, "హుష్... హుష్..." అని, సెకనుకి ఒకటి కంటే కొంచెం తక్కువగా. పైకి చూస్తే నెమ్మదిగా తిరుగుతున్నట్టే ఉంటుంది గానీ రెక్క కొస గంటకి 250, 300 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. అర కిలోమీటరు దూరం పోయాక ఆ చప్పుడు దాదాపు 40 డెసిబెల్స్‌కి దిగిపోతుంది, కాగితం మీద అది లైబ్రరీలో ఉండేంత. అయితే ఊరు నిద్రపోయాక, వేరే ఏ చప్పుడూ లేని రాత్రి, కిందంతా నిశ్శబ్దంగా ఉండి పైన మాత్రం గాలి వీస్తున్నప్పుడు ఆ ఊపు ఆగకుండా వినపడుతూ ఉంటే మనిషికి చిరాకు వస్తుంది, ఎందుకంటే ఒకే మోతలో ఉండే హోరుని చెవి మర్చిపోగలదు గానీ ఎగసిపడే శబ్దాన్ని మర్చిపోలేదు. 2014లో హెల్త్ కెనడా 1,238 ఇళ్ళలో ఒక్కొక్కరిని తీసుకుని చేసిన సర్వేలో తేలింది కూడా ఇదే, చప్పుడు పెరిగేకొద్దీ జబ్బులు, నిద్ర సమస్యలు పెరిగినట్టు కనపడలేదు, చిరాకు మాత్రం ఖచ్చితంగా పెరిగింది. డబ్ల్యూహెచ్‌ఓ యూరప్ ఆఫీసు 2018లో గాలిమరల చప్పుడుకి సగటున 45 డెసిబెల్స్ హద్దు పెట్టుకోమని సూచించింది. నీడ సంగతీ అంతే, పొద్దున, సాయంత్రం ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు రెక్కల నీడ కిటికీలోంచి పడి గదంతా లైటు వేసి ఆర్పినట్టు ఉంటుంది, జర్మనీలో దానికి ఏడాదికి 30 గంటలు, రోజుకి 30 నిమిషాలు అని లిమిట్ పెట్టారు, దాటితే మర దానంతట అదే ఆగిపోయేలా సెన్సర్లు పెడతారు. ఇవన్నీ పరిష్కారం ఉన్న సమస్యలు, దూరం సరిగ్గా చూసుకుంటే చాలావరకు రావు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది నెదర్లాండ్స్‌లో చేసిన ఒక సర్వే. అక్కడ మరల దగ్గర ఉండేవాళ్ళలో కొందరికి ఆ మరల మీద ఆదాయం వస్తుంది, కొందరికి రాదు. ఆదాయం వచ్చేవాళ్ళు మరలకి ఇంకా దగ్గరగా, ఇంకా ఎక్కువ చప్పుడులో ఉంటున్నారు, అయినా వాళ్ళల్లో చిరాకు పడేవాళ్ళు దాదాపు లేరు. ఇది చూసి "చూశారా, డబ్బులిస్తే నోరు మూసుకుంటారు" అని కొందరు వెటకారం చేస్తారు, నాకు అది చాలా అన్యాయంగా అనిపిస్తుంది. ఆ మర నాది, దాన్ని పెట్టాలా వద్దా అన్నప్పుడు నా మాట కూడా ఉంది, అవసరమైతే ఫోన్ చేసి ఆపమని చెప్పగలను అనుకునే మనిషికీ, ఒకరోజు పొద్దున్నే క్రేన్లు వచ్చి దిగితే గానీ విషయం తెలియని మనిషికీ అదే 40 డెసిబెల్స్ ఒకేలా ఎలా వినపడుతుంది? చెవులు అవే, శబ్దం అదే, మధ్యలో ఉన్న తేడా అంతా గౌరవం.

ఇప్పుడు పక్షుల దగ్గరికి వద్దాం. పిల్లుల వాదన నాకు ఎందుకు నచ్చదో చెప్తా. అవును, మొత్తం సంఖ్య చూస్తే పిల్లులు, అద్దాల బిల్డింగులు, కార్లు చంపే పక్షులు ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ పిల్లి పిచ్చుకని పట్టుకుంటుంది, గద్దని పట్టుకోదు. మర చంపేవాటిలో గద్దలు, డేగలు, రాబందులు, గబ్బిలాలు ఉంటాయి. ఇవి మెల్లగా పెరిగి, ఏడాదికి ఒకటో రెండో పిల్లల్ని పెట్టే జీవాలు, పెద్ద పక్షి ఒకటి పోతే ఆ లోటు పూడడానికి ఏళ్ళు పడుతుంది. వేల పిచ్చుకల పక్కన పది గద్దల్ని పెట్టి తూకం వెయ్యడం లెక్క తెలిసినవాళ్ళు చేసే పని కాదు.

కాలిఫోర్నియాలో ఆల్టమాంట్ పాస్ అని ఒక కనుమ ఉంది. 1980లలో అక్కడ వేలకొద్దీ చిన్న చిన్న మరలు పెట్టారు, గాలి బాగా వస్తుందని. ఆ గాలే గద్దలకీ కావాలి, ఆ గడ్డి కొండల్లో ఉడతలు బోలెడు, బంగారు గద్దలకి అది వేట స్థలం. ఏటా డజన్లకొద్దీ బంగారు గద్దలు అక్కడ చచ్చిపోయాయి, ఆ ఒక్క చోటు వల్ల గాలిమర అంటే పక్షుల్ని నరికే మెషిన్ అన్న పేరు ప్రపంచమంతా పాకింది. నార్వేలో స్మోలా దీవిలో 68 మరలు పెట్టారు, అది తెల్లతోక సముద్రపు గద్దలు గూళ్ళు కట్టుకునే దీవి అని ముందే అందరికీ తెలుసు, పక్షుల వాళ్ళు వద్దని చెప్పారు కూడా, అయినా పెట్టారు, పెట్టాక గద్దలు చావడం మొదలైంది. అక్కడే తర్వాత నాలుగు మరలకి మూడు రెక్కల్లో ఒకదానికి నల్లరంగు వేసి చూశారు. తిరుగుతున్నప్పుడు తెల్ల రెక్కలు మూడూ కలిసిపోయి పక్షి కంటికి ఖాళీగా కనపడతాయి, ఒకటి నల్లగా ఉంటే కదలిక తెలుస్తుంది అని వాళ్ళ ఆలోచన. 2020లో వచ్చిన పేపర్ ప్రకారం రంగు వెయ్యని పక్క మరలతో పోలిస్తే చావులు 70 శాతం పైగా తగ్గాయి. నాలుగే మరలు కాబట్టి దాన్నే పట్టుకుని అంతటా రంగు వేసేస్తే సరిపోతుంది అనలేం, కానీ ఒక డబ్బా పెయింటుతో అంత తేడా వచ్చే అవకాశం ఉన్నప్పుడు ఇంకా ఎన్ని చోట్ల వేసి చూడాలి!

స్పెయిన్‌లో తరీఫా దగ్గర ఇంకో పద్ధతి. అక్కడ రాబందులు మరల వైపు వస్తుంటే మనుషులు చూసి, ఆ ఒక్క మరని కాసేపు ఆపించారు, అంతే. రాబందుల చావులు సగానికి తగ్గాయి, కరెంటు నష్టం 0.07 శాతం. మళ్ళీ చదవండి ఆ అంకె. ఇంత తక్కువ ఖర్చుతో ఇన్ని ప్రాణాలు నిలిచే పని ఇంకా ప్రతి చోటా తప్పనిసరి కాలేదంటే కారణం టెక్నాలజీ లేకపోవడం అయితే కాదు.

గబ్బిలాల గురించి ఎవరూ మాట్లాడరు, అందుకే నేను కొంచెం ఎక్కువ మాట్లాడతా. చెట్లలో ఉండి సీజన్‌కి వలస పోయే గబ్బిలాలు మరల దగ్గర చాలా ఎక్కువగా చచ్చిపోతాయి, అదీ ముఖ్యంగా అమెరికా లాంటి చల్లటి దేశాల్లో అక్కడి ఎండాకాలం చివర, శరదృతువులో, గాలి తక్కువగా ఉన్న రాత్రుల్లో. గాలి గట్టిగా ఉంటే పురుగులు ఎగరవు, పురుగులు లేకపోతే గబ్బిలం బయటికి రాదు. గాలి మెల్లగా వీస్తున్న వెచ్చటి రాత్రి అవి ఎత్తైన స్తంభాల చుట్టూ తిరుగుతాయి, అవి చెట్లనుకుంటాయో, పురుగులు అక్కడ మూగుతాయో, దాని మీద ఇంకా వాదనలు నడుస్తున్నాయి. మరి మర సంగతి చూస్తే, సెకనుకి 3, 4 మీటర్ల గాలికి తిరగడం మొదలుపెడుతుంది గానీ ఆ వేగం దగ్గర దానికి వచ్చే కరెంటు నామమాత్రం, ఎందుకంటే గాలి వేగం రెట్టింపైతే అందులోని పవర్ ఎనిమిది రెట్లు అవుతుంది, తగ్గినప్పుడూ అంతే దారుణంగా తగ్గుతుంది. అంటే గబ్బిలాలు ఎక్కువ చచ్చే గంటలు, కంపెనీకి దాదాపు ఏమీ రాని గంటలు ఒకటే. పెన్సిల్వేనియాలో కాసెల్‌మన్ అనే చోట 2008, 2009లో పరీక్ష పెట్టారు, ఆ సీజన్‌లో రాత్రిపూట గాలి సెకనుకి 5 లేదా 6.5 మీటర్లకి చేరేదాకా మరని తిరగనివ్వకుండా ఆపారు, గబ్బిలాల చావులు 44 నుంచి 93 శాతం దాకా తగ్గాయి, ఏడాది మొత్తం కరెంటులో నష్టం ఒక్క శాతం కూడా లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క నంబర్ మార్చడం అది. ఆ గబ్బిలాలు రాత్రంతా పంట చేల మీద పురుగుల్ని తింటాయి, వాటికి జీతం ఇవ్వాల్సిన పని లేదు కాబట్టి వాటి విలువ ఎవరి బ్యాలెన్స్ షీట్‌లోనూ ఉండదు.

చచ్చిన పక్షుల్ని లెక్కపెట్టడం వల్ల కూడా కథ మొత్తం తెలియదు. మహారాష్ట్రలో పశ్చిమ కనుమల్లో చాల్కేవాడి పీఠభూమి మీద ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్ళు చేసిన స్టడీ 2018లో వచ్చింది. మరలున్న చోట వేటాడే పక్షులు, లేని చోటుతో పోలిస్తే దాదాపు నాలుగో వంతే కనపడ్డాయి. అన్నీ చచ్చిపోయి కాదు, చాలావరకు అక్కడికి రావడం మానేశాయి. దాంతో అక్కడి తొండలు, గొంతు కింద రంగుల తిత్తి విచ్చుకునే రకం, సంఖ్యలో పెరిగిపోయాయి. పెరిగితే మంచిదే కదా అనుకుంటాం, కానీ అవి సన్నబడ్డాయి, ఒంట్లో భయానికి సంబంధించిన హార్మోన్ తగ్గింది, మనిషి దగ్గరికి వెళ్ళినా త్వరగా పారిపోవట్లేదు, గొంతు మీద రంగులు కూడా వెలిసినట్టయ్యాయి. పై నుంచి గద్ద పోతే కింద తొండ బతుకు మారిపోయింది. ఏ మర కిందా వెతికితే దొరికే శవం కాదు ఇది, ఎవరో ఓపిగ్గా కూర్చుని చూస్తేనే తెలిసే నష్టం, మరి అంత ఓపిగ్గా చూడమని ఏ రూల్ చెప్తోంది?

మరని మాత్రమే చూసేవాళ్ళు రోడ్లని, లైన్లని మర్చిపోతారు. అరవై డెబ్భై మీటర్ల రెక్కని ఒక్క ముక్కగా ట్రైలర్ మీద తీసుకురావాలి, అది కొండ మీద మలుపు తిరగాలంటే మలుపు ఎంత వెడల్పు ఉండాలో ఆలోచించండి. కొండ శిఖరాన్ని చదును చేసి క్రేన్ నిలబడడానికి జాగా చెయ్యాలి, పునాదికి వందల ఘనపు మీటర్ల కాంక్రీటు పొయ్యాలి, తవ్విన మట్టి అంతా వాలు మీదకి తోసేస్తే మొదటి పెద్ద వానకి అది వాగుల్లోకి, కింద చెరువుల్లోకి దిగుతుంది. మర ఆక్రమించే నేల మొత్తం ప్రాజెక్టు ఏరియాలో ఒకటి రెండు శాతమే అని చెప్తారు, చదునైన పొలాల్లో అది నిజమే, కొండల మీద ఆ ఒకటి రెండు శాతమే నీళ్ళ దారులన్నిటినీ కోసేస్తుంది. ఒకసారి రోడ్డు పడ్డాక ఆ రోడ్డు మీద ఇంకెవరెవరు ఎందుకెందుకు వస్తారో ఎవరి చేతిలోనూ ఉండదు.

లైన్ల సంగతికి బట్టమేక పిట్ట కంటే పెద్ద సాక్ష్యం లేదు. ప్రపంచం మొత్తం మీద బయట స్వేచ్ఛగా తిరిగేవి 150 కూడా మిగల్లేదని అంచనా, ఎక్కువ భాగం రాజస్థాన్ ఎడారిలో ఉన్నాయి. ఎగిరే పక్షుల్లో బాగా బరువైన వాటిల్లో ఇదొకటి, కళ్ళు తలకి పక్కల ఉండడం వల్ల ఎదురుగా ఉన్నది సరిగ్గా కనపడదు, తీగ కనపడేసరికి బరువైన ఒంటిని తిప్పుకోలేదు. గాలి, సోలార్ ప్రాజెక్టుల నుంచి కరెంటు మోసే లైన్లు సరిగ్గా దాని గడ్డినేలల మీదుగానే పోతున్నాయి. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ ప్రాంతాల్లో లైన్లు భూమి లోపల వెయ్యమంది, 2024 మార్చిలో అంత పెద్ద ఏరియా మొత్తానికి అది కుదరదని ఆ ఆర్డర్‌ని సడలించి నిపుణుల కమిటీకి అప్పగించింది. వాతావరణ మార్పు నుంచి కాపాడే పనీ, ఒక జాతిని కాపాడే పనీ కోర్టులో ఎదురెదురుగా నిలబడాల్సి వచ్చింది, నాకు అది చదివినప్పుడల్లా గుండె బరువెక్కుతుంది, ఎందుకంటే ఆ లైన్లు గీసే రోజున మ్యాప్ మీద పిట్ట ఎక్కడుందో చూసి గీసి ఉంటే ఈ కేసులో చాలా భాగం అసలు పుట్టేది కాదు.

ఇక మనుషులు. ఈ విషయం మీద నాకు కోపం కూడా ఉంది, దాచుకోను. నార్వేలో ఫోసెన్ అనే చోట అక్కడి ఆదివాసీలైన సామీ జాతి వాళ్ళు రెయిన్‌డీర్ మేపుకుంటారు. చలికాలంలో మంద బతకాల్సిన మేత నేలలోనే రెండు విండ్ ఫామ్‌లు, 151 మరలు కట్టారు. సామీలు కట్టకముందు నుంచీ కోర్టుల్లో కొట్లాడుతూనే ఉన్నారు, కేసు నడుస్తుండగానే కట్టడం కానిచ్చేశారు. 2021 అక్టోబర్‌లో ఆ దేశ సుప్రీంకోర్టు 11 మంది జడ్జిలూ ఏకగ్రీవంగా ఆ లైసెన్సులు చెల్లవు, వాళ్ళ సంస్కృతి హక్కుకి భంగం కలిగింది అని తీర్పిచ్చారు. తీర్పు వచ్చాక ఏమైంది? మరలు తిరుగుతూనే ఉన్నాయి. 500 రోజులైనా ఏమీ కాకపోతే 2023 ఫిబ్రవరిలో సామీ యువత వెళ్ళి మంత్రిత్వ శాఖ ఆఫీసులో బైఠాయించారు, స్వీడన్ వాతావరణ ఉద్యమకారిణి గ్రేటా థున్‌బెర్గ్ కూడా వాళ్ళ పక్కన కూర్చుంది, గాలి కరెంటుకి వ్యతిరేకంగా అని కాదు, అడక్కుండా లాక్కోవడానికి వ్యతిరేకంగా. చివరికి పరిహారం, కొత్త మేత నేలలు అంటూ 2023 డిసెంబర్‌లో ఒక సామీ బృందంతో, 2024 మార్చిలో ఇంకో బృందంతో ఒప్పందాలు చేసుకున్నారు. ప్రపంచంలో చట్టం బాగా నడిచే దేశాల్లో ఒకటని పేరున్న చోట సుప్రీంకోర్టులో గెలిచినవాళ్ళ గతి ఇది, కోర్టు మెట్లు ఎక్కే స్తోమత లేనివాళ్ళ సంగతి మీరే ఊహించుకోండి.

కెన్యాలో టుర్కానా సరస్సు దగ్గర 365 మరలు, 310 మెగావాట్లు, ఆఫ్రికాలోనే పేరున్న ప్రాజెక్టు. దానికి రాసిచ్చిన భూమి దాదాపు లక్షా యాభై వేల ఎకరాలు, మరలు నిజంగా కూర్చున్నది అందులో చిన్న ముక్క. ఆ నేల ఊళ్ళ ఉమ్మడి నేల, రెండీలే, సంబూరు, టుర్కానా కాపరులు తరాలుగా పశువుల్ని తిప్పుకునే చోటు. 2014లో వాళ్ళు కేసు వేస్తే 2021 అక్టోబర్‌లో కోర్టు ఆ పట్టాలు పద్ధతి ప్రకారం ఇవ్వలేదని తేల్చింది, సరి చేసుకోమని ఏడాది టైమిచ్చింది. అప్పటికి కరెంటు 428 కిలోమీటర్ల లైను మీద దక్షిణాన ఉన్న సుస్వా సబ్‌స్టేషన్‌కి పోతూనే ఉంది.

కాపరులే ఎందుకు ఇలా ప్రతిచోటా నష్టపోతారు? కారణం చాలా మామూలుది. లీజు డబ్బులు పట్టా ఉన్నవాడికి వస్తాయి. కౌలు చేసేవాడికి రావు, ఆ నేలలో గొర్రెలు మేపుకునేవాడికి రావు, కట్టెలు ఏరుకునే ఆవిడకి అసలే రావు. రికార్డుల్లో బంజరు అని రాసి ఉన్న నేల ఎవరికీ పనికిరానిదని ఆఫీసులో కూర్చున్నవాళ్ళు అనుకుంటారు, వాళ్ళు ఒక్కసారి మంద వెనకాల నడిస్తే ఏ నెలలో ఏ వాలు మీద మేత ఉంటుందో, ఏ గుంటలో నీళ్ళు ఎప్పటిదాకా నిలుస్తాయో కాపరులకి వేలి కొసల మీద ఉంటుందని తెలుస్తుంది. ఊళ్ళోనేమో మర పడిన పొలం వాడికి ఏటా డబ్బు, సరిహద్దు అవతల వాడికి ఉత్త చప్పుడు, దాంతో ఎప్పుడూ గొడవపడని రెండు ఇళ్ళు మాట్లాడుకోవడం మానేస్తాయి. ఈ నష్టాన్ని ఏ పర్యావరణ రిపోర్టూ రాయదు.

ఇంకోలా చెయ్యొచ్చు అనడానికి డెన్మార్క్ ఉంది కదా. కోపెన్‌హాగెన్ ఎదురుగా సముద్రంలో 2000లో పెట్టిన మిడిల్‌గ్రూండెన్‌లో 20 మరలు, అందులో సగం ఎనిమిది వేల పైచిలుకు మామూలు జనం షేర్లు కొనుక్కున్న సహకార సంఘానివి. మొదట ప్లాన్‌లో 27 మరలు, మూడు వరుసలు. జనాన్ని పిలిచి అడిగారు, తీరం నుంచి చూడ్డానికి బాగాలేదన్నారు, అభ్యంతరాలు విన్నాక 20కి తగ్గించి ఒకే వంపు గీతలో పెట్టారు. ఏడు మరలు తగ్గాయి నిజమే, ప్రాజెక్టు మాత్రం నిలిచింది. 2009లో ఆ దేశంలో చట్టం కూడా అమల్లోకి వచ్చింది, కొత్త మర పెట్టేవాడు కనీసం 20 శాతం వాటా 4.5 కిలోమీటర్ల లోపు ఉండేవాళ్ళకి కొనుక్కునే అవకాశం ఇవ్వాలని. 2020లో దాన్ని తీసేసి వేరే పద్ధతులు పెట్టారు, డబ్బు పెట్టగలిగినవాళ్ళకే వాటా దక్కుతుంది అన్న లోపం దానిలో ఉంది కూడా, ఒప్పుకుంటా. అయినా పొరుగువాడు కూడా ఆ మరలో భాగస్తుడే అని ఒక దేశం చట్టంలో రాసుకోవడం చిన్న విషయం కాదు.

అడగడం అంటే ప్రతిదానికీ అడ్డం పడడం అని కొందరు భయపడతారు, ఆ భయానికి కారణం లేకపోలేదు. జర్మనీలో బవేరియా రాష్ట్రం 2014లో మర ఎత్తుకి పది రెట్ల దూరం లోపల ఇళ్ళు ఉండకూడదని రూల్ పెట్టింది. రెండొందల మీటర్ల మరకి రెండు కిలోమీటర్లన్నమాట. ఊళ్ళు దగ్గర దగ్గరగా ఉండే చోట అంత ఖాళీ ఎక్కడుంటుంది, కొత్త మరలకి దరఖాస్తులు దాదాపు ఆగిపోయాయి, 2022లో సడలించాల్సి వచ్చింది. స్కేలు పట్టుకుని గీసిన ఒకే గీత ఊరి మాట వినడానికి బదులు కాదు, దాని వల్ల ఇష్టపడి పెట్టుకుందాం అనుకున్న ఊరు కూడా కష్టపడాల్సి వచ్చింది. ఇండియాలోనేమో దీనికి పూర్తిగా తలకిందులు, 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో గాలి ప్రాజెక్టుల ఊసే లేదు, అంటే ఆ కొండ మీద ఏముంది, ఎవరున్నారు అని ముందు స్టడీ చేసి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాల్సిన పని లేదు. అడవి భూమి అయితే వేరే అనుమతి కావాలి, అంతే. 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గాలి కరెంటుని వైట్ కేటగిరీలో, అంటే కాలుష్యం దాదాపు లేనివాటి జాబితాలో వేసింది, పొగ రాదు కాబట్టి ఆ లెక్కకి అది సరైనదే. పొగ రాకపోతే నష్టమే రాదని ఎవరు తేల్చారు? పది మరలకైనా సరే, ఒక ఏడాది పాటు అన్ని సీజన్లలో పక్షుల్ని, గబ్బిలాల్ని చూసి, ఆ నేల వాడుకునే ప్రతి ఒక్కరితో, పట్టా ఉన్నా లేకపోయినా, మాట్లాడి రిపోర్టు బయటపెట్టాలి అని నేనంటా. ఏడాది ఆలస్యమవుతుందంటారా, ఫోసెన్‌లో ఎన్నేళ్ళు పోయాయో లెక్కెయ్యండి.

సముద్రంలో పెడితే ఈ తలనొప్పులుండవు అంటారు గానీ అక్కడా పునాది స్తంభాలు దిగ్గొట్టేటప్పుడు వచ్చే మోతకి డాల్ఫిన్ లాంటి చిన్న జీవాలు, పోర్పాయిస్‌లు, కిలోమీటర్ల దూరం పారిపోతాయి. జర్మనీ 750 మీటర్ల దగ్గర 160 డెసిబెల్స్ దాటకూడదని పెట్టింది, దాంతో కంపెనీలు స్తంభం చుట్టూ గాలి బుడగల తెర కట్టడం నేర్చుకున్నాయి. రూల్ వస్తే ఇంజనీర్లు దారి కనిపెడతారు, అది ప్రతిసారీ చూస్తూనే ఉన్నాం. అమెరికా తూర్పు తీరంలో చచ్చి కొట్టుకొచ్చిన తిమింగలాల పాపం మాత్రం గాలిమరలకి అంటగట్టడం తప్పు, అక్కడి ప్రభుత్వ సంస్థ నోవా పరీక్షించి అలాంటి సంబంధం దొరకలేదనే చెప్పింది, పరీక్షించినవాటిలో చాలావాటికి ఓడలు గుద్దిన, వలలకి చిక్కిన గుర్తులున్నాయి.

రెక్కల గురించి కూడా ఒక మాట. గ్లాస్ ఫైబర్, ఎపాక్సీ కలిపి చేసిన రెక్కని మళ్ళీ కరిగించలేం, వ్యోమింగ్‌లో కాస్పర్ ఊరి దగ్గర రెక్కల్ని ముక్కలు కోసి వరసగా పూడ్చిపెట్టిన ఫొటోలు చాలామంది చూసే ఉంటారు. మరలో స్టీలు, రాగి లాంటి మిగతా బరువంతా తిరిగి వాడుకోవచ్చు, రెక్కలే తలనొప్పి, ఇప్పుడు విడదీయగలిగే రెసిన్‌తో చేసినవి వస్తున్నాయి. లోపల వాడే బాల్సా చెక్క కోసం 2020 ప్రాంతంలో డిమాండ్ ఎగబాకితే ఈక్వడార్ అమెజాన్‌లో ఆదివాసీ నేలల్లోకి కలప వాళ్ళు చొరబడ్డారు. మాగ్నెట్లకి కావాల్సిన నియోడైమియం అనే లోహాన్ని శుద్ధి చేసే చైనాలోని బావోటౌ దగ్గర వ్యర్థాల చెరువు ఎంత పెద్దదో చూస్తే భయమేస్తుంది. బొగ్గు గనితో పోలిస్తే ఇవన్నీ చిన్నవే, అయినా చిన్నవి కాబట్టి చెప్పకూడదు అంటే నేను ఒప్పుకోను, ఆ చెరువు పక్కన ఉండేవాళ్ళకి అది చిన్నది కాదు.

ఇదంతా ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, ఇరవై పాతికేళ్ళ కింద పెట్టిన మరలు చాలా దేశాల్లో ఇప్పుడు వయసైపోయి దిగిపోతున్నాయి. పాతవి తీసేసి అదే చోట పెద్దవి పెడతారు, రీపవరింగ్ అంటారు దాన్ని. మొదటిసారి అడగనివాళ్ళకి ఇది రెండో అవకాశం. ఆల్టమాంట్‌లో పాతవి ఇరవై ముప్ఫై తీసేసి వాటికి బదులు ఒక పెద్దది పెట్టుకుంటూ వచ్చారు, ఏ వాలు మీద గద్దలు ఎలా ఎగురుతాయో చూసి ఆ చోట్లు వదిలేశారు, సమస్య పూర్తిగా పోలేదు గానీ ముందులాగా గుడ్డిగా మాత్రం పెట్టలేదు. మీ చుట్టుపక్కల ఎక్కడైనా లీజు గడువు దగ్గర పడుతుంటే, కొత్త కాగితాల మీద సంతకాలు అయ్యేలోపు అడగండి, కాలం తీరాక మరని, కింద కాంక్రీటుని ఎవరు తీస్తారు, దానికి డబ్బు ఇప్పుడే బ్యాంకులో వేస్తున్నారా, గబ్బిలాల సీజన్‌లో తక్కువ గాలి రాత్రులు ఆపుతారా, పట్టా లేని కాపరులకి, కౌలుదార్లకి ఏమిస్తారు, కొత్త మర పాత చోటే ఎందుకు, పక్క వాలు మీద ఎందుకు కాకూడదు. జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి, నోటి మాటలు ఆఫీసర్ మారగానే పోతాయి.